సాఫ్ట్‌వేర్ మార్చబోతే ‘ఇన్‌స్టాలేషన్ సోర్స్ దొరకడం లేదు’ అంటోందా? ఆ ఫోల్డర్ జోలికి మాత్రం వెళ్లకండి.. ఇలా సరిచేసుకోండి!

కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి బాగానే పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్.. దానికి కొత్తగా ఒక ఫీచర్ కలుపుదామనో, పాత వెర్షన్ తీసేసి కొత్తది వేద్దామనో ‘చేంజ్’ బటన్ నొక్కుతారు. సగం దాకా వెళ్లి ఆగిపోతుంది. ‘మీరు వాడాలనుకుంటున్న ఫీచర్ అందుబాటులో లేని నెట్‌వర్క్‌లో ఉంది’ అంటూ ఇంగ్లిష్‌లో ఒక డబ్బా తెరపైకి వస్తుంది. ఓకే నొక్కితే మళ్లీ అదే. క్యాన్సిల్ కొడితే మొదటికొస్తుంది. రిపేర్ కాదు, అన్‌ఇన్‌స్టాల్ కాదు, అప్‌డేట్ కూడా కాదు.

చాలామంది ఇక్కడే కంగారు పడతారు. సాఫ్ట్‌వేర్ పాడైందనో, వైరస్ వచ్చిందనో అనుకుని ఏకంగా విండోస్ ఫార్మాట్ చేయించేస్తారు. ఇంకొందరు ఆ ఫైల్ పేరుతో గూగుల్‌లో వెతికి, ఏ సైట్‌లో దొరికితే ఆ సైట్‌లో డౌన్‌లోడ్ చేస్తారు. నిజానికి చాలాసార్లు ఈ రెండూ అక్కర్లేదు. ఈ ఎర్రర్ చెప్పేది ఒక్కటే.. మొదట్లో ఏ ఫైల్‌తో ఇన్‌స్టాల్ చేశారో, ఆ ఫైల్ ఇప్పుడు కావాలి, అది ఉండాల్సిన చోట లేదు. అదే ఫైల్‌ను మళ్లీ చూపిస్తే చాలావరకు సమస్య తీరిపోతుంది. అదెలాగో ఇక్కడ తెలుసుకుందాం..

అసలు ఈ ఎర్రర్ ఎందుకొస్తుంది?

విండోస్‌లో చాలా సాఫ్ట్‌వేర్లను ఎక్కించేది, తీసేది ‘విండోస్ ఇన్‌స్టాలర్’ అనే సర్వీస్. ఆఫీస్ 2000తో పాటు ఇది జనంలోకి వచ్చింది. విండోస్ 2000 నుంచి విండోస్‌లోనే భాగమైపోయింది. ఇది వాడే ఫైళ్ల పేరు చివర ‘ఎంఎస్‌ఐ’ అని ఉంటుంది. పైకి సెటప్ ఫైల్ కనిపించినా, చాలా సాఫ్ట్‌వేర్లలో లోపల ఉండేది ఈ ఎంఎస్‌ఐ ఫైలే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ రెండు పనులు చేస్తుంది. ఆ ఎంఎస్‌ఐ ఫైల్‌కు ఒక కాపీ తీసి, సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో ‘ఇన్‌స్టాలర్’ అనే దాచిన ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. అక్కడ ఆ ఫైల్‌కు అసలు పేరు ఉండదు, అంకెలు, అక్షరాలు కలగలిసిన కొత్త పేరు ఉంటుంది. రెండోది, అసలు ఫైల్ ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అడ్రస్‌ను రిజిస్ట్రీలో రాసుకుంటుంది. డీవీడీ నుంచా, పెన్‌డ్రైవ్ నుంచా, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచా, ఆఫీస్ సర్వర్ నుంచా అన్నది అక్కడ నమోదవుతుంది. దీన్నే ‘సోర్స్ లిస్ట్’ అంటారు.

అసలు చిక్కు ఇక్కడే. సాఫ్ట్‌వేర్‌లోని ఫైళ్లన్నీ ఎంఎస్‌ఐలోనే ఉంటాయన్న గ్యారంటీ లేదు. చాలా ప్యాకేజీల్లో అవి పక్కనే ‘క్యాబ్’ ఫైళ్లలోనో, వేరే ఫోల్డర్లలోనో ఉంటాయి. విండోస్ దాచుకున్నది ఎంఎస్‌ఐని మాత్రమే. కాబట్టి కొత్త ఫైల్ అవసరమైనప్పుడల్లా పాత అడ్రస్‌కు వెళ్లి చూస్తుంది. ఈలోపు పెన్‌డ్రైవ్ తీసేశారు, డౌన్‌లోడ్స్ ఖాళీ చేశారు, పాత సర్వర్ మార్చేశారు.. అంతే, ‘సోర్స్ దొరకడం లేదు’ అంటుంది.

ఏయే పనులప్పుడు సోర్స్ అడుగుతుంది?

మొదట ఇన్‌స్టాల్ చేయని ఫీచర్‌ను కొత్తగా కలిపినప్పుడు.. పోయిన ఫైల్‌ను రిపేర్‌తో తిరిగి తెచ్చుకునేటప్పుడు.. కొన్ని ప్యాచ్‌లు, అప్‌డేట్లు వేసేటప్పుడు సోర్స్ కావాలి.

అన్‌ఇన్‌స్టాల్‌కు మాత్రం మామూలుగా విండోస్ దాచుకున్న కాపీ సరిపోతుంది. అయినా తీసేసేటప్పుడు సోర్స్ అడిగిందంటే ఆ కాపీ పోయినట్టే అనుకోవాలి. కొత్త వెర్షన్ వేసేటప్పుడు కూడా చాలా సాఫ్ట్‌వేర్లు ముందు పాతదాన్ని తీసేస్తాయి. అందుకే కొత్త సెటప్ చేతిలో ఉన్నా, పాత ఫైల్ కోసం పట్టుబడుతుంది.

ఇంకో సందర్భం కూడా ఉంది. ఏమీ మార్చకుండా డెస్క్‌టాప్ మీద ఐకాన్ నొక్కితేనే ఇన్‌స్టాలర్ తెరుచుకుని సోర్స్ అడుగుతుంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు చెందిన ఏదో ఫైల్ కనిపించకపోవడంతో విండోస్ తనంతట తానే రిపేర్ మొదలుపెట్టిందన్నమాట.

ఏ నంబర్ వస్తే ఏంటి అర్థం?

1706: ఇన్‌స్టాలేషన్ ప్యాకేజీ కనిపించడం లేదు. ఏ పేరు గల ఎంఎస్‌ఐ కావాలో కూడా ఈ మెసేజ్‌లోనే ఉంటుంది. ఆ పేరును రాసి పెట్టుకోండి.

1612: సోర్స్ అందుబాటులో లేదు. ఫైల్ ఉందా, దాన్ని తెరిచే అనుమతి మీకు ఉందా.. రెండూ చూడాలి.

1714: పాత వెర్షన్‌ను తీసేయడం కుదరలేదు. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది.

1316: ఫైల్ చదవడంలో నెట్‌వర్క్ ఎర్రర్ అని వస్తుంది. నెట్‌వర్క్ అనగానే ఇంటర్నెట్ సమస్య అనుకోవద్దు. ఎంఎస్‌ఐ ఫైల్ పేరు మారిపోయినా ఇదే వస్తుంది.

1635: ప్యాచ్ ఫైల్ తెరుచుకోవడం లేదు. ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌లో దాచిన ప్యాచ్ ఫైల్ పోయినప్పుడు కూడా ఇది రావొచ్చు.

0ఎక్స్800ఎఫ్081ఎఫ్: ఇది విండోస్ సొంత ఫీచర్లకు సంబంధించింది. డాట్‌నెట్ 3.5 ఆన్ చేసేటప్పుడు తరచూ కనిపిస్తుంది. దీని దారి వేరు, కింద చూడండి.

మొదట ఈ మూడు పనులు చేయండి

ఒకటి.. ఆ సాఫ్ట్‌వేర్‌లో మీ డేటా ఉంటే బ్యాకప్ తీసుకోండి. అకౌంట్లు, బిల్లులు, విద్యార్థుల మార్కుల వంటివి ఉన్న ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేశాకే ముందుకెళ్లాలి. సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ తెచ్చుకోవచ్చు, డేటా పోతే తెచ్చుకోలేం.

రెండు.. ఎర్రర్ డబ్బాను ఫోన్‌తో ఫొటో తీయండి. అందులో ఫైల్ పేరు, అది వెతుకుతున్న పాత అడ్రస్ రెండూ ఉంటాయి. డబ్బా మూసేసి ఉంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ విభాగంలోకి వెళ్లండి. ‘ఎంఎస్‌ఐఇన్‌స్టాలర్’ పేరుతో ఉన్న ఎంట్రీల్లో వివరాలు దొరుకుతాయి.

మూడు.. ప్రస్తుతం ఉన్న వెర్షన్ నంబర్ చూడండి. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్ తెరిస్తే వెర్షన్ అనే కాలమ్ ఉంటుంది. చివరి అంకె దాకా రాసుకోండి. తర్వాత పనంతా ఈ నంబర్ మీదే ఆధారపడి ఉంటుంది.

స్టెప్ బై స్టెప్.. ఇలా సరిచేయండి

1. పాత చోటును తిరిగి కలపండి. మెసేజ్‌లో ఇ డ్రైవ్ అని ఉంటే అది పెన్‌డ్రైవో, డీవీడీనో అయ్యుంటుంది. అదే పెన్‌డ్రైవ్ ఇప్పుడు ఎఫ్ డ్రైవ్‌గా వస్తుంటే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి అక్షరాన్ని ఇ గా మార్చి చూడండి. సర్వర్ అడ్రస్ ఉంటే ఆ సర్వర్ ఆన్‌లో ఉందో లేదో, ఆ ఫోల్డర్ మీ లాగిన్‌తో తెరుచుకుంటోందో లేదో చూసుకోండి.

2. అదే వెర్షన్ ఫైల్ తెచ్చుకోండి. అసలు చోటు లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తయారు చేసిన కంపెనీ అధికారిక సైట్ నుంచే డౌన్‌లోడ్ చేయాలి. ‘దాదాపు అదే’ వెర్షన్ పనికిరాదు. ప్రతి ఎంఎస్‌ఐకి లోపల ఒక ప్యాకేజీ కోడ్ ఉంటుంది. ఆ కోడ్ సరిపోతేనే విండోస్ ఆ ఫైల్‌ను సోర్స్‌గా ఒప్పుకుంటుంది. కొత్త వెర్షన్ చూపిస్తే ‘ఇది సరైన ప్యాకేజీ కాదు’ అనడానికి కారణం ఇదే.

3. పేరు మార్చకండి. రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే బ్రౌజర్ ఫైల్ పేరు చివర బ్రాకెట్లలో 1 అని చేరుస్తుంది. చూడటానికి చిన్న తేడానే. కానీ విండోస్ పాత పేరు కోసమే వెతుకుతుంది. మెసేజ్‌లో ఏ పేరుందో అక్షరం పొల్లుపోకుండా అదే పేరు పెట్టండి.

4. సెటప్ మాత్రమే ఉంటే అందులోంచి ఎంఎస్‌ఐని బయటకు తీయాలి. కొన్ని సెటప్ ఫైళ్లను 7-జిప్ లాంటి టూల్‌తో విప్పొచ్చు. కొన్నింటికి కంపెనీయే విప్పే పద్ధతి ఇస్తుంది. ఎంఎస్‌ఐ ఒక్కదాన్నే తీసుకోకుండా, పక్కనున్న క్యాబ్ ఫైళ్లు, ఫోల్డర్లు అన్నీ కలిపి ఒకేచోట పెట్టండి.

5. సి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి అందులో ఇవన్నీ వేయండి. మళ్లీ ‘చేంజ్’ లేదా ‘రిపేర్’ నొక్కండి. ఎర్రర్ డబ్బాలో ‘బ్రౌజ్’ బటన్ కనిపిస్తే ఆ ఫోల్డర్ చూపించి ఓకే ఇవ్వండి. చాలా కేసులు ఇక్కడితో ముగిసిపోతాయి. పని అయ్యాక కూడా ఆ ఫోల్డర్‌ను డిలీట్ చేయొద్దు. ఇకపై విండోస్ అక్కడే వెతకొచ్చు.

6. ఆఫీస్ నెట్‌వర్క్‌లో జడ్ డ్రైవ్ లాంటి మ్యాప్ చేసిన డ్రైవ్ చూపిస్తే పనిచేయకపోవచ్చు. మీ లాగిన్‌లో కనిపించే మ్యాప్ డ్రైవ్, అడ్మిన్ హక్కులతో నడిచే ఇన్‌స్టాలర్‌కు కనిపించకపోవడమే కారణం. అలాంటప్పుడు సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి అడ్రస్ ఇవ్వండి. లేదంటే ఫైళ్లను సి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం ఇంకా సులువు.

7. 1714 వస్తే వరుస మార్చండి. ముందు పాత వెర్షన్ ఫైల్ తెచ్చి దాంతో రిపేర్ చేయండి. తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఆ తర్వాతే కొత్తది వేయండి.

8. పాత ఫైల్ ఎక్కడా దొరకకపోతే మైక్రోసాఫ్ట్ ఇచ్చే ‘ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్’ ట్రబుల్‌షూటర్ ప్రయత్నించొచ్చు. రిజిస్ట్రీలో పాడైన వివరాలను సరిచేసి, మొండికేసిన సాఫ్ట్‌వేర్‌ను తీసేయడానికి ఇది సాయపడుతుంది. కొన్ని కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా తీసేసే సొంత టూల్స్ కూడా ఇస్తాయి. అవి ఉంటే ముందు వాటినే వాడటం మంచిది.

ఎంఎస్ ఆఫీస్ అయితే..

ఆఫీస్ 2007, 2010 లాంటి పాత వెర్షన్లు ఇన్‌స్టాల్ ఫైళ్లకు ఒక కాపీని డ్రైవ్‌లోనే ‘ఎంఎస్ఓక్యాష్’ అనే దాచిన ఫోల్డర్‌లో పెట్టుకుంటాయి. ఫీచర్ కలపాలన్నా, రిపేర్ చేయాలన్నా అక్కడి నుంచే తీసుకుంటాయి. స్పేస్ కోసం ఆ ఫోల్డర్‌ను డిలీట్ చేసినవాళ్లకు తర్వాత డీవీడీ పెట్టమని మెసేజ్ వస్తుంది.

ఇప్పటి మైక్రోసాఫ్ట్ 365, ఆఫీస్ 2019, ఆ తర్వాతి వెర్షన్లు ‘క్లిక్ టు రన్’ అనే వేరే పద్ధతిలో నడుస్తాయి. వీటికి ఎంఎస్‌ఐ వెతకాల్సిన పనిలేదు. ‘చేంజ్’ నొక్కితే క్విక్ రిపేర్, ఆన్‌లైన్ రిపేర్ అని రెండు ఆప్షన్లు వస్తాయి. క్విక్‌తో కాకపోతే ఆన్‌లైన్ ఎంచుకోండి. దానికి ఇంటర్నెట్ ఉండాలి.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆఫీస్ 2010కి 2020 అక్టోబర్ 13తో, ఆఫీస్ 2013కి 2023 ఏప్రిల్ 11తో, ఆఫీస్ 2016, 2019లకు 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. వీటిని కష్టపడి రిపేర్ చేసుకున్నా మామూలుగా కొత్త సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. ఫైళ్లు బ్యాకప్ తీసుకుని కొత్త వెర్షన్‌కు మారడమే మేలు.

డాట్‌నెట్ 3.5 దగ్గర ఆగిపోతే..

కొన్ని పాత అకౌంటింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లకు డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5 కావాలి. 2007లో వచ్చిన ఈ వెర్షన్‌లోనే 2.0, 3.0 కూడా కలిసి ఉంటాయి. దీన్ని ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’లో టిక్ చేస్తే విండోస్ అప్‌డేట్ నుంచి ఫైళ్లు దిగుతాయి. ఇంటర్నెట్ లేకపోయినా, ఆఫీస్‌లో అప్‌డేట్లను సొంత సర్వర్ ద్వారా ఇస్తున్నా ఇది ఆగిపోవచ్చు.

దీనికి పరిష్కారం విండోస్ ఐఎస్‌ఓ ఫైల్. మీ కంప్యూటర్‌లో ఉన్న విండోస్ వెర్షన్‌దే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తీసుకోండి. దానిపై రైట్ క్లిక్ చేసి ‘మౌంట్’ అంటే కొత్త డ్రైవ్‌గా తెరుచుకుంటుంది. అందులో ‘సోర్సెస్’ ఫోల్డర్‌లో ‘ఎస్‌ఎక్స్‌ఎస్’ అనే ఫోల్డర్ ఉంటుంది. కావాల్సిన ఫైళ్లు అక్కడే ఉంటాయి. అడ్మిన్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ‘డిస్మ్’ కమాండ్‌లో ఆ ఫోల్డర్‌ను సోర్స్‌గా ఇస్తే ఇంటర్నెట్ లేకుండానే డాట్‌నెట్ ఆన్ అవుతుంది. పూర్తి కమాండ్ మైక్రోసాఫ్ట్ సపోర్ట్ పేజీల్లో ఉంది. అక్కడి నుంచి కాపీ చేసుకుని డ్రైవ్ అక్షరం మాత్రం మార్చుకోండి.

ఆఫీస్ కంప్యూటర్లయితే ఐటీ విభాగం గ్రూప్ పాలసీలో ఒక్క మార్పు చేస్తే చాలు. అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్‌లోని సిస్టమ్ విభాగంలో, ఆప్షనల్ కాంపోనెంట్ల ఇన్‌స్టాలేషన్‌కు సంబంధించిన సెట్టింగ్ ఉంటుంది. ఫైళ్లను నేరుగా విండోస్ అప్‌డేట్ నుంచి తీసుకోమని అందులో చెప్పొచ్చు.

ఆ ఫోల్డర్‌ను ముట్టుకోవద్దు

సి డ్రైవ్ నిండిపోయిందని వెతికితే విండోస్‌లోని ఇన్‌స్టాలర్ ఫోల్డర్ జీబీల కొద్దీ కనిపిస్తుంది. ఫైళ్ల పేర్లు అర్థం కావు కాబట్టి చెత్త అనుకుని డిలీట్ చేసేస్తారు. ఆ రోజు ఏమీ కాదు. సాఫ్ట్‌వేర్లన్నీ మామూలుగానే తెరుచుకుంటాయి. ఆరు నెలల తర్వాతో, ఏడాది తర్వాతో అప్‌డేట్ చేయబోయినప్పుడు అసలు దెబ్బ తెలుస్తుంది. అప్పటికి ఎప్పుడు ఏం డిలీట్ చేశారో కూడా గుర్తుండదు.

పక్క కంప్యూటర్ నుంచి ఈ ఫోల్డర్‌ను కాపీ చేసుకుంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అది కుదరదు. అక్కడి ఫైళ్ల పేర్లు ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటర్‌లోనే తయారవుతాయి. ఒకదాని ఫైళ్లు మరోదానికి పనికిరావని మైక్రోసాఫ్ట్ కూడా చెబుతోంది. డిలీట్ చేసింది ఈమధ్యే అయితే రీసైకిల్ బిన్, బ్యాకప్ చూడండి. లేదంటే ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు దాని అసలు ఎంఎస్‌ఐ తెచ్చి రిపేర్ చేసుకోవాల్సిందే.

ఏ ఫైల్ ఏ సాఫ్ట్‌వేర్‌దో తెలుసుకోవాలంటే, ఆ ఫోల్డర్‌ను డీటెయిల్స్ వ్యూలో తెరిచి ‘సబ్జెక్ట్’ అనే కాలమ్ ఆన్ చేయండి. చాలావాటికి సాఫ్ట్‌వేర్ పేరు కనిపిస్తుంది. ఇది చూడటానికే, తీసేయడానికి కాదు. ప్రోగ్రామ్‌డేటాలోని ‘ప్యాకేజ్ క్యాష్’ ఫోల్డర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. స్పేస్ కావాలంటే సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ సెన్స్, లేదా డిస్క్ క్లీనప్ వాడండి.

ఈ తప్పులు చేస్తే అసలుకే మోసం

పోయిన ఎంఎస్‌ఐ పేరుతో వెతికితే ‘ఉచిత డౌన్‌లోడ్’ సైట్లు బోలెడు కనిపిస్తాయి. ఇన్‌స్టాలర్ అడ్మిన్ హక్కులతో నడుస్తుందని మర్చిపోవద్దు. తెలియని సైట్ నుంచి తెచ్చిన ఫైల్‌కు మీ చేతులతోనే ఇంటి తాళాలు ఇచ్చినట్టవుతుంది. ఫైల్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్ చూడండి. తయారీ కంపెనీ పేరు కాకుండా వేరే పేరుంటే తెరవొద్దు.

ఎర్రర్ నంబర్‌తో వెతికినప్పుడు కనిపించే ‘సపోర్ట్’ ఫోన్ నంబర్లకు కాల్ చేయొద్దు. రిమోట్ యాప్ వేయించి, బ్యాంకు ఖాతాల దాకా వెళ్లే మోసాలు ఇలాగే మొదలవుతాయి. ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

రిజిస్ట్రీ క్లీనర్ల జోలికీ వెళ్లొద్దు. మైక్రోసాఫ్ట్ సొంతంగా ఇచ్చిన ‘విండోస్ ఇన్‌స్టాలర్ క్లీనప్ యుటిలిటీ’నే 2010లో వెనక్కి తీసుకుంది. కొన్నిసార్లు అది కంప్యూటర్‌లోని ఇతర భాగాలను దెబ్బతీయడమే కారణం.

తరచూ వచ్చే సందేహాలు

సేఫ్ మోడ్‌లో తీసేయొచ్చా? సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ మామూలుగా నడవదు. కాబట్టి ఎంఎస్‌ఐ సాఫ్ట్‌వేర్లు అక్కడ అన్‌ఇన్‌స్టాల్ కావు.

ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆ ఫోల్డర్ డిలీట్ చేస్తే పోదా? పోదు. రిజిస్ట్రీలో పేరు అలాగే ఉంటుంది. కొత్త వెర్షన్ వేయబోతే మళ్లీ పాతదే అడ్డొస్తుంది.

విండోస్ ఫార్మాట్ తప్పదా? చాలాసార్లు అక్కర్లేదు. సరైన ఫైల్, సరైన పేరు, ట్రబుల్‌షూటర్.. ఈ మూడూ అయ్యాక చివరి దారిగా మాత్రమే దాని గురించి ఆలోచించండి.

ఇకపై ఈ తలనొప్పి రాకుండా..

ఏ సాఫ్ట్‌వేర్ వేసినా సెటప్ ఫైల్‌ను డౌన్‌లోడ్స్‌లో వదిలేయకండి. ఒక శాశ్వత ఫోల్డర్ పెట్టుకుని, సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్‌తో సబ్ ఫోల్డర్లు చేసి దాచండి. లైసెన్స్ కీ ఉన్న టెక్స్ట్ ఫైల్ కూడా అందులోనే పెట్టి, మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి ఒక కాపీ తీయండి. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ఇన్‌స్టాల్ చేయకుండా, ముందు ఆ ఫోల్డర్‌లోకి కాపీ చేసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. బయటి టెక్నీషియన్‌తో వేయించుకుంటే పని అయ్యాక సెటప్ ఫైల్ అడిగి తీసుకోండి. పాత సర్వర్ తీసేసే ఆఫీసులు అందులోని సెటప్ ఫోల్డర్‌ను కొత్త సర్వర్‌లోకి మార్చాకే దాన్ని ఆపేయాలి.